తలకిందుల దుర్భిణి

కాచపురిలో ఎండకు కూడా పొగరెక్కువని చుట్టుపక్కల దేశాలవాళ్ళు అంటారు. ఎక్కువ కాక ఏంచేస్తుంది? ఊరి పక్కన శ్వేతవాహిని నది, దాని ఒడ్డున వెన్నెల ఆరబోసినంత తెల్లటి ఇసుక, ఆ ఇసుకను కరిగించే కొలుములు, ఆ కొలుముల్లో పుట్టిన గాజుతో కట్టిన చంద్రశాలలు, స్ఫటిక తోరణాలు, పచ్చలూ కెంపులూ కలగలిపి పోతపోసిన రంగుటద్దాల గవాక్షాలు! పొద్దున్నే సూర్యుడు ఒక్క కిరణం విసిరితే చాలు, అది వెయ్యి కిరణాలై వీధులన్నీ తిరిగి, పొద్దుగూకేదాకా ఇల్లు చేరడం మరిచిపోతుంది. అటువంటి నగరంలోకి ఆ ఉదయం తూర్పు ద్వారంగుండా ఇద్దరు తేనెగాళ్ళు వచ్చారు. నడుములకు కొడవళ్ళు, భుజాలమీద పొగకుండలు, ఒంటినిండా మసి.

ఇద్దరిలో పొడుగాటివాడు తేనెగాడు కాదు, అమరావళి యువరాజు కీర్తిసేనుడు. పొట్టివాడు బొల్లడు. శ్వేతవాహినిమీద పడవ నడుపుకునే బొల్లణ్ణి యువరాజు ఒకసారి మొసలి నోట్లోంచి లాగాడు. అప్పటినుంచి వాడు ఆయన వెంట పడ్డాడు, పొమ్మన్నా పోడు. మారువేషానికి తగ్గట్టు యువరాజును “మావా” అని పిలవాలని ఇద్దరూ అనుకున్నారు. ఆ ఒప్పందాన్ని బొల్లడు అవసరానికి మించి పాటిస్తున్నాడు.

“మావా, ఆ అరిసెలు సూశావా మావా? ఒక్కటి కొనవా మావా?”

“నోరు మూసుకుని నడు” అన్నాడు కీర్తిసేనుడు.

వాళ్ళు ఇక్కడికి ఎందుకు వచ్చారో ఒక్క గుక్కలో చెప్పుకుందాం. పొగే ఒళ్ళుగా తిరిగే మాంత్రికుడు ధూమ్రజటుడు కీర్తిసేనుడి చెల్లెలు మాణిక్యవల్లిని ఎత్తుకుపోయి కంకశిఖరం మీది కోటలో పెట్టాడు. ఆ శిఖరం చుట్టూ అడుగు కనపడని లోయ. పక్షికి తప్ప దారి లేదు. కోటగోడకు పక్కపక్కనే రెండు కిటికీలున్నాయి. మాంత్రికుడు ఆ పిల్లను నిలువుటద్దం ముందు నిలబెట్టి, అద్దంలోని ప్రతిబింబాన్ని చెయ్యి పట్టుకుని బయటికి లాగాడు. ఇప్పుడు ప్రతి సంధ్యవేళా రెండు కిటికీల్లో ఇద్దరు మాణిక్యవల్లులు నిలబడతారు. ఒకతె నిజం, ఒకతె నీడ. అమావాస్య సంధ్య దాటిందంటే నీడ ఈ లోకంలో మిగిలిపోతుంది, నిజమైన పిల్ల అద్దంలోకి వెళ్ళిపోతుంది. ఇక మళ్ళీ రాదు.

ఆ అమావాస్య ఇవాళే.

శరభముని అనే తపస్వి దయతలచి కీర్తిసేనుడికి సాలెపట్టుతో పేనిన దారం ఒకటి ఇచ్చాడు. వెంట్రుకంత సన్నం, ఏనుగు వేలాడినా తెగదు. బాణానికి కట్టి ఎదుటి గట్టునుంచి కిటికీలోకి కొడితే అదే వంతెన. “కాని నాయనా, బాణం నీడను తాకిందా, నీడ అద్దంలా భళ్ళున పగులుతుంది. దానితోపాటు నీ చెల్లెలూ పగులుతుంది. ఆమె ఎడమ చెంపమీద నువ్వుగింజంత పుట్టుమచ్చ ఉంది కదూ? నీడకు అది కుడి చెంపమీద ఉంటుంది. లోయకు ఇవతలినుంచి ఆ మచ్చను చూడగల కన్ను సంపాదించుకో” అన్నాడు ముని.

అటువంటి కన్ను దొరికేది కాచపురి దుర్భిణుల వీధిలోనే. యువరాజు చేతికున్న చివరి బంగారు మురుగును అమ్మేస్తే ఓ చిన్న సంచిలో పట్టే వరహాలు వచ్చాయి. ఆ వీధిలో దుర్భిణులు కొనేవాళ్ళు మహారాజులూ ఓడల యజమానులూ. సంచి బరువు చూసుకుంటే కీర్తిసేనుడికి జన్మలో మొదటిసారిగా అంగడి అంటే భయం వేసింది.

వీధి మొదట్లోనే మకరందశెట్టి కొట్టు. ఇత్తడి గొట్టాలు, ఏనుగుదంతం పిడులు, పట్టుగుడ్డలో పడుకోబెట్టిన దుర్భిణులు. ఒక్కో దుర్భిణి ఒక్కో రాకుమారుడిలా ఉంది. వీధి చివర కోవెల గోపురం, దానిమీద బంగారు కలశం. ఆ వీధిలో తాతలనాటినుంచీ ఒక కట్టుబాటు నడుస్తోంది. కొనబోయేవాడికి ఒక్కో దుర్భిణిలోంచి ఒక్క చూపే. ఊపిరి బిగబట్టినంతసేపు చూడవచ్చు. కన్ను తీసి మళ్ళీ పెట్టాడంటే కొన్నట్టే లెక్క.

“రావయ్యా తేనెదొరా! ఇది సహస్రాక్షం. నూరు రెట్లు పెద్దది చేసి చూపుతుంది. ఇంతకన్నా పెద్దగా చూపేది ఈ భూమండలంలో లేదు. ఆ కలశంమీద పెట్టు కన్ను” అన్నాడు శెట్టి.

కీర్తిసేనుడు ఊపిరి బిగబట్టి చూశాడు. బంగారు కలశం చూపునిండా నిండిపోయి ధగధగమంది. దానిమీది నగిషీ, నగిషీలోని హంస, హంస ముక్కు! యువరాజు గుండె ఎగిరి గంతేసింది. ఇంకేం కావాలి?

“ఎంత శెట్టిగారూ?”

శెట్టి ముందు మొహంవంక చూశాడు, తరవాత నడుముకున్న సంచివంక చూశాడు. “నీ దగ్గరున్నదంతా ఇచ్చెయ్. నీ మొహం చూసి తగ్గించాను.”

కీర్తిసేనుడి చెయ్యి సంచిమీదికి పోయింది. అప్పుడు వీధికి అవతలివైపునుంచి పగలబడి నవ్వు వినిపించింది.

“శెట్టి మళ్ళీ కలశం అమ్మేస్తున్నాడర్రా! పొద్దుటినించీ నలుగురికి అమ్మాడు. కలశం మాత్రం ఇంకా గోపురంమీదే ఉంది!”

నవ్వింది ఒక అవ్వ. చింకిచాపమీద కూర్చుని, మోకాళ్ళమధ్య ఒక గాజుబిళ్ళ పెట్టుకుని, తడి ఇసుకతో నూరుతోంది. పేరు పోలవ్వ. ఎనభై ఏళ్ళు ఉంటాయేమో, చేతులు మాత్రం వీణ వాయించేవాళ్ళ చేతుల్లా ఆడుతున్నాయి. ఆమె ముందు మూడో నాలుగో దుర్భిణులు, తోలు చుట్టినవి, నగిషీ లేదు, మెరుపు లేదు.

“నీ తలకిందుల గొట్టాలు కొనేవాడు ఇంకా పుట్టలేదే అవ్వా!” అన్నాడు శెట్టి మండిపడుతూ.

“పుట్టినప్పుడే కొంటాడు, నీకెందుకు తొందర? ఇటు రా నాయనా. నువ్వు దేన్ని చూడాలి?”

కీర్తిసేనుడు వీధి దాటి ఆమె ముందు కూర్చున్నాడు. “తేనెపట్లను అవ్వా.”

“ఎక్కడుంటాయవి?”

“కొండచరియ నీడలో.”

“ఏ వేళ చూస్తావు?”

“పొద్దు వాలాక.”

“ఎంత చిన్నది కనపడాలి నీకు?”

“నువ్వుగింజంత” అనేశాడు కీర్తిసేనుడు.

అవ్వ నూరడం ఆపింది. “నువ్వుగింజంత తేనెపట్టా!” అని అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. “తేనెగాడివి, ఒంటిమీద ఒక్క ఈగ కుట్టిన గుర్తు లేదు. సరే, నాకెందుకు? ఎవరి పట్టు వాళ్ళది. ఒక్కమాట అడుగుతాను. నువ్వు చూడబోయేది నీడలో, పొద్దు వాలాక. శెట్టి నీకు చూపించింది ఎండలో, నడిపొద్దున, బంగారాన్ని. మెరిసేదాన్ని చూడ్డానికి దుర్భిణి ఎందుకయ్యా? వట్టి కన్ను చాలదూ?”

కీర్తిసేనుడు గోపురంవంక తిరిగి చూశాడు. నిజమే! సంబరంలో ఆ సంగతే తోచలేదు.

“మరి నూరు రెట్లు అన్నాడే!” అన్నాడు బొల్లడు.

“అన్నాడు, కాదన్నానా? గారె పెద్దదైతే సరా, లోపల ఉడకొద్దూ? పెద్దగా చూపించే కొద్దీ వెలుగు పలచబడుతుంది. నూరు రెట్లలో చూడబోతే సాయంత్రానికి నీకు కనపడేది నూరు రెట్ల చీకటి. ఇదుగో, ఇది ముప్ఫై రెట్లే. దీని మూతి చూడు ఎంత వెడల్పో. వెలుగు తాగేది మూతి. ఈ పెద్దబిళ్ళ నూరడానికి నాకొక వానాకాలం పట్టింది. చూసుకో. ఒక్క చూపే సుమా, ఎక్కడ పెడతావో నీ ఇష్టం.”

ఈసారి కీర్తిసేనుడు తొందరపడలేదు. కలశాన్ని వదిలేశాడు. గోపురం చూరు కింద నీడ పడుతున్న చోటు వెతికాడు. అక్కడొక శిలాసింహం, దాని నోట్లో చిమ్మచీకటిగా ఉన్న బొరియ. వట్టి కంటికి అక్కడ ఏమీ లేదు. ఊపిరి బిగబట్టి దుర్భిణిని దానిమీద పెట్టాడు.

చీకట్లోంచి ఒక పిచ్చుకగూడు పైకి తేలి వచ్చింది! గడ్డిపోచ గడ్డిపోచా విడివిడిగా ఉంది. రెక్కలు రాని పిచ్చుకపిల్ల నోరు తెరిచి ఉంది. నోటి అంచున పసుపురంగు, నాలుకమీద తడి, ఆఖరికి రెప్పమీద వెంట్రుకలాంటి నూగు! నీడలో ఉన్నదాన్ని నడిపొద్దున అరచేతిలో పెట్టుకుని చూస్తున్నట్టుంది. శెట్టి కలశంలో ఉన్నదంతా మెరుపే. ఇందులో ప్రాణం ఉంది. యువరాజు తన కోశాగారంలో రత్నాలెన్నో చూశాడుకాని, ఒక మనిషి చేతిపని చూసి కళ్ళు చెమర్చడం ఇదే మొదలు.

“అవ్వా! నీ చేతులకు మొక్కాలి” అన్నాడు. ఆ తరవాత తటపటాయించాడు. “కాని... పిచ్చుకపిల్ల తలకిందులుగా ఉంది.”

“ఉంటుంది” అంది పోలవ్వ తాపీగా. “బిళ్ళలు రెండే పెడితే లోకం తలకిందులుగా కనపడుతుంది. దాన్ని నిలబెట్టడానికి శెట్టి మధ్యలో ఇంకో రెండు బిళ్ళలు దూరుస్తాడు. ఒక్కో బిళ్ళ కాస్త వెలుగు మింగుతుంది, కాస్త నీ డబ్బు మింగుతుంది. డబ్బున్నవాళ్ళు మంచి బిళ్ళలు నాలుగు కొనుక్కుంటారు, వాళ్ళకేం? నీ సంచికి మంచివి రెండు వస్తాయి, లేదా మసకవి నాలుగు వస్తాయి. ఏది కావాలో నువ్వు చెప్పు. అయినా తేనెపట్టు తలకిందులుగానే కదయ్యా వేలాడేది, నీకేం నష్టం?”

బొల్లడు కిసుక్కున నవ్వాడు. కీర్తిసేనుడూ నవ్వాడు. బేరం ఆడబుద్ధి కాలేదు. అవ్వ అడిగిన ధర, సంచిలో సగం, ఇచ్చాడు.

“ఆగు, ఆగు” అంది అవ్వ. “ఎంత బలశాలివైనా గుండె కొట్టుకున్నప్పుడల్లా చెయ్యి అదురుతుంది. ఇక్కడ ఆవగింజంత అదిరితే అక్కడ ఆమడ దూరం ఊగుతుంది. నిలబెట్టడానికి ముక్కాలి కావాలి. మిగిలిన సగం దానికి పెట్టు, ఏడవకు. గాలి వేస్తే నడుమన ఇసుకమూట వేలాడదియ్యి, బండలా నిలుస్తుంది. కీళ్ళన్నిటికీ లక్కా మైనం పట్టించాను, నీళ్ళలో పడినా లోపలికి చెమ్మ చేరదు.”

మరో మంచి వ్యాపారి అయితే ఇంకో నగిషీ గొట్టం అంటగట్టేవాడు. ఈమె కర్రముక్కాలి అంటగట్టింది. అడవికర్రతో చేసిన ఆ మూడుకాళ్ళ నిలువును చూసి, దుర్భిణికి సమానంగా దీనికెందుకు ఖర్చు అని యువరాజుకు ఒక్క క్షణం అనిపించింది. అప్పుడు దుర్భిణిని దానిమీద పెట్టి వేలితో తట్టి చూశాడు. కదల్లేదు. ఇక ఏ అనుమానమూ మిగల్లేదు.

కాని సంతోషం పట్టలేకపోయిన మనిషి ఒకడున్నాడు. “ఓరి దేవుడో! దీనితో సూత్తే కంకశిఖరంమీద సీమ కూడా కనపడుద్ది మావా!” అన్నాడు బొల్లడు వీధి అదిరేటట్టు.

శెట్టి కొట్టు పందిరిమీద అంతసేపటినుంచీ ఒక కాకి కూర్చుని ఉంది. పొగరంగు కాకి. అది తల తిప్పి, మనిషి గొంతుతో అరిచింది. “కంకశిఖరం! కంకశిఖరం!”

పోలవ్వ గాజుబిళ్ళ వదిలేసి లేచింది. “అది ధూమ్రజటుడి కాకి! పారిపోండి!”

కాకి పడమటివైపు దూసుకుపోయింది. ఆ కేక వినగానే నాలుగు మూలలనుంచీ రాజభటులు ఈటెలతో పరుగెత్తుకొచ్చారు. కాచపురి రాజు ధూమ్రజటుడికి భయపడి ఏటా కప్పం కట్టేవాడు. కంకశిఖరంవంక చూసేవాడి తల తీయమని ఆజ్ఞ. కీర్తిసేనుడు దుర్భిణిని చంటిపిల్లలా గుండెకు హత్తుకున్నాడు, బొల్లడు ముక్కాలిని భుజానికెత్తాడు, ఇద్దరూ కొలుముల సందులోకి దూకారు. వెనకనుంచి భళ్ళుమని చప్పుడు! యువరాజు పరుగులోనే తిరిగి చూశాడు. పోలవ్వ తన నూరుడు తొట్టి తన్నేసింది. జారుడు ఇసుక వీధంతా పరుచుకుంది. ముందు వచ్చిన భటుడు వెల్లకిలా పడ్డాడు, వెనకవాడు వాడిమీద పడ్డాడు, ఆ వెనకవాడు శెట్టి కొట్టులోకి పోయి సహస్రాక్షంమీద కూర్చున్నాడు.

“అయ్యో ముసలిదాన్ని, చెయ్యి జారింది నాయనలారా!” అని అవ్వ గుండెలు బాదుకుంటోంది.

‘ఈమె నా సేనాపతి అయితే ఈపాటికి లోకం జయించేవాణ్ణి’ అనుకున్నాడు కీర్తిసేనుడు.

కొలుముల సందులో నిప్పులు, కరిగిన గాజు తీగలుగా సాగుతూ నిప్పుపాముల్లా వేలాడుతోంది. దానికింద వంగి, గాజుల గంపలమీద దూకి, ఇసుక దిబ్బమీదినుంచి దొర్లి, ఇద్దరూ విల్లూ బాణమూ దాచి రేవులో కట్టిన బొల్లడి పడవలో పడ్డారు. బొల్లడు కట్టు కోశాడు. ఈటెలు నీళ్ళలో పడ్డాయి. శ్వేతవాహిని కొండల్లోకి దూరేచోట సుడిగుండాలు, పళ్ళు బయటపెట్టిన బండలు. పడవ ఒక బండను రాసుకుని పక్కకు ఒరిగింది, అల ఒకటి నెత్తిమీదినుంచి పోయింది, దుర్భిణి నిండా మునిగి తేలింది. బొల్లడు తెడ్డు వదిలేసి దాన్ని పట్టుకున్నాడు.

“తెడ్డు వదులుతావేమిరా!”

“తెడ్డు ఇంకోటి కొనుక్కోవచ్చు మావా, ఇది కొనడానికి మన దగ్గర ఏముంది?”

చేతులతోనే నీళ్ళు తోసుకుంటూ ఇద్దరూ లోయ మొగలో ఒడ్డున పడ్డారు. అక్కడినుంచి ఎదురుగట్టు ఎక్కేసరికి సూర్యుడు పడమటి కొండలమీద కుంకుమ చల్లుతున్నాడు.

లోయకు అవతల కంకశిఖరం! ఒక్క మొక్క లేని నల్లరాయి ఆకాశంలోకి నిలువునా లేచింది. నడినెత్తిన కోట, దాని చుట్టూ కంకపక్షులు తిరుగుతున్నాయి, లోయలోంచి పొగమంచు నీలంగా పైకి పాకుతోంది. కోటగోడలో రెండు కిటికీలు. ఒకదాని గడపరాయి బీటలో పచ్చటి మొలక ఒకటి వేలాడుతోంది, రెండోది బోడి. వట్టి కంటికి ఆ కిటికీలు రెండు ఆవగింజలు.

కీర్తిసేనుడు గట్టు అంచున ముక్కాలి నిలబెట్టి, నడుమన ఇసుకమూట వేలాడదీసి, దుర్భిణిని బిగించాడు. మూతిని తుడిచి చూస్తే లోపల చెమ్మ చుక్క లేదు. కన్ను పెట్టాడు.

నీడలోంచి చెల్లెలు తేలివచ్చింది. జడలోని వాడిన చేమంతులు, చెవి దగ్గర చెదిరిన ముంగురులు, చెంపమీద ఆరిన కన్నీటి చార. నెలల తరబడి కలలో మసగ్గా కనపడిన మొహం అది. యువరాజు పళ్ళు బిగించుకున్నాడు. ఏడిస్తే కన్ను మసకబారుతుంది, మసకబారితే మచ్చ కనపడదు. మచ్చ కనపడింది. రెండో కిటికీలో ఇంకో చెల్లెలు. అవే చేమంతులు, అదే కన్నీటి చార. అక్కడా మచ్చ కనపడింది.

కాని ఇద్దరి గెడ్డాలూ పైన, బొట్లు కింద!

“బొల్లా, నువ్వు చూడు. మొలకున్న కిటికీలో మచ్చ ఏ చెంపమీద ఉంది?”

బొల్లడు చూశాడు. “కుడి సెంపమీద దొరా. అంటే అది నీడ.” మారువేషం ఎక్కడో దారిలో పడిపోయింది.

“నాకు ఎడమ అనిపిస్తోందే! తలను పైకి తిప్పుకుంటే...”

“తల ఒక్కటే తిప్పుకుంటే సెంపలు అక్కడే ఉండిపోవూ?”

“ఉండిపోతాయా? మొత్తం తిప్పితే అవీ తిరుగుతాయి.”

“ఎటు తిరుగుతాయి?”

కీర్తిసేనుడు చేతులతో గాలిలో మొహం గీసి తిప్పాడు. ఒకసారి ఎడమ వచ్చింది, ఇంకోసారి కుడి వచ్చింది. యుద్ధంలో పద్మవ్యూహాలు ఛేదించినవాడికి ఒక ఆడపిల్ల చెంపల లెక్క తేలలేదు. అవతల సూర్యుడు సగం దిగిపోయాడు. కిటికీల్లో ఇద్దరు పిల్లల అంచులూ ఒక్కలాగే పలచబడుతున్నట్టు దుర్భిణిలో తెలుస్తూనే ఉంది. తెలియనిదల్లా ఏది ఏదో! గురి తప్పే భయం అతనికి ఎప్పుడూ లేదు. గురి తగిలి చెల్లెలు పగిలిపోతుందేమోనన్న భయం మొదటిసారి పట్టుకుంది.

గట్టు అంచున ఒక కొండజువ్వి చెట్టు ముక్కాలిమీదుగా లోయవైపు వాలి ఉంది. యువరాజు దానివంక చూశాడు, దుర్భిణివంక చూశాడు.

“లోకం తలకిందులైంది కదా, మనమూ తలకిందులవుదాం!” అని విల్లు భుజాన వేసుకుని, దారం కట్టిన బాణాన్ని నడుమున దోపుకుని, చెట్టెక్కాడు. దారం రెండో కొస తన నడుముకే కట్టుకున్నాడు. మోకాళ్ళు కొమ్మకు బిగించి గబ్బిలంలా కిందికి వాలాడు. నెత్తురంతా తలలోకి వచ్చింది. కింద దుర్భిణి, దానికి సరిగ్గా కన్ను. చూశాడు.

గెడ్డం కిందికి వచ్చింది, బొట్టు పైకి వచ్చింది. చెల్లెలు ఎదురుగా నిలబడ్డట్టే ఉంది. చిన్నప్పుడు అలిగినప్పుడల్లా అతను కుడిచేత్తో ఆమె చెంప తట్టేవాడు, మచ్చ సరిగ్గా బొటనవేలి కింద పడేది. ఇప్పుడూ తనకు తెలియకుండానే కుడిచెయ్యి గాలిలోకి చాచాడు. మొలకున్న కిటికీలోని పిల్లకు మచ్చ బొటనవేలి కిందికి వచ్చింది!

“అదే! మొలకున్న కిటికీ! అదే నా చెల్లెలు!” అని అరిచాడు.

ఆ క్షణంలోనే దుర్భిణిలోని మాణిక్యవల్లి కళ్ళు పెద్దవయ్యాయి. ఆమె చూపు ఇటు గట్టుమీద, అతని వెనక, ఎత్తుగా దేనిమీదో నిలిచింది. పెదవులు కదిలాయి. వినపడే దూరం కాదు. కాని పిచ్చుకపిల్ల నాలుకమీది తడిని చూపించిన దుర్భిణి అది. ఆ పెదవుల కదలిక అక్షరం అక్షరం విడివిడిగా కనపడింది.

“అన్నా, వెనక!”

వెనక గట్టుమీద పొగ ఒక స్తంభంలా లేచింది. అందులోంచి రెండు ఎర్రటి కళ్ళు తెరుచుకున్నాయి, దాని భుజంమీద పొగరంగు కాకి వాలింది. “తేనెకోసం వచ్చావా యువరాజా?” అని ధూమ్రజటుడు నవ్వితే కొండరాళ్ళు దొర్లాయి. పొగచెయ్యి ఒకటి చెట్టువైపు సాగింది. బొల్లడు ముక్కాలిని ఊడబెరికి ఆ చేతిని బలంకొద్దీ కొట్టాడు. ముక్కాలి పొగలోంచి అటు పోయింది, చెయ్యి ఆగలేదు. వాడు దుర్భిణిని మాత్రం కడుపులో దాచుకుని దానిమీద బోర్లాపడ్డాడు.

కీర్తిసేనుడి దగ్గర ఉన్నది ఒక్క బాణం. తిరిగి మాంత్రికుడి కంట్లో కొడితే తను బతకవచ్చు. సూర్యబింబం అంచు మాత్రమే మిగిలింది. అతను తిరగలేదు. తలకిందులుగానే విల్లు వంచాడు. ఆవగింజంత కిటికీ, దానికింద పచ్చటి చుక్క. నారి చెవిదాకా వచ్చింది.

బాణం లోయమీదుగా పోయింది. దారం వెనక బుస్సుమని విప్పుకుంది. మొలక ఊగింది, బాణం కిటికీ లోపలి దూలంలో దిగబడింది. పగిలిన చప్పుడు రాలేదు! కిటికీలో చిన్న చెయ్యి దారాన్ని పట్టుకుంది.

పట్టుకుంది, ఇంకా కట్టలేదు. పొగచెయ్యి అప్పటికే కొమ్మను చుట్టింది. చల్లటి వేళ్ళు యువరాజు మెడకు తగిలాయి.

“మాణిక్యా, నేనొస్తున్నా!” అని అరిచి, కీర్తిసేనుడు ఊపిరి బిగబట్టి ఊగి, మోకాళ్ళు వదిలేశాడు. గట్టు అంచు దాటిపోయింది. కింద లోయ నోరు తెరిచింది. నీలపు మంచు, గాలి, చెవుల్లో హోరు. ఆపైన నడుము రెండు ముక్కలైనంత పోటుతో దారం బిగిసింది.

పైన మాణిక్యవల్లి ఆ ఒక్క కుదుపుకు కిటికీ గడపమీదికి వచ్చి పడింది. బాణం దూలంలోంచి ఊడిపోయింది. అన్న బరువంతా ఇప్పుడు ఆమె రెండు అరచేతుల్లో ఉంది. వెంట్రుకంత దారం, అది చర్మాన్ని కోస్తోంది. పక్క కిటికీలో నీడపిల్ల కూడా అలాగే కాళ్ళు తన్నిపట్టి, అలాగే పళ్ళు బిగించి, ఖాళీ చేతులతో ఏమీ లేనిదాన్ని లాగుతోంది. దాని చేతుల్లోంచి నెత్తురు రావడం లేదు.

“వదిలెయ్ తల్లీ! నువ్వూ పడిపోతావు!” అని అడుగునుంచి అరిచాడు కీర్తిసేనుడు.

“నోరు మూసుకుని పైకి ఎక్కు అన్నయ్యా!” అంది మాణిక్యవల్లి, నెత్తుటి చేతులకు దారాన్ని ఇంకో చుట్టు చుట్టుకుంటూ.